పైకి తిప్పిన అద్దం

మాంగెరె, ఆక్లాండ్
ఏప్రిల్

తమ్ముడు లిసియాటేకు,

మనిద్దరినీ చెరో దేశంలో పెట్టినా ఈ పొద్దు దాకా బతకనిచ్చిన దేవుడికి స్తోత్రం. నీకూ తెలేసియాకూ పిల్లలకూ నా దీవెనలు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటనుకుంటావు. మన ఫోన్ల సంగతి నీకు తెలియనిదా? "బాగున్నారా?" "బాగున్నాను." "వానలా?" "వానలే." అక్కడితో సరి. తరవాత ఇద్దరం మూగనోము పడతాం. టోంగాలో అక్కాతమ్ముళ్ళుగా పుట్టాక అంతకంటే ఏం మాట్లాడతాం? అమ్మ మనల్ని అలా పెంచింది. కాగితం మీదైతే నా గొంతు నీకు వినబడదు, నీ మౌనం నాకు వినబడదు. అన్నీ రాయొచ్చు.

అసలు మాట రాసేస్తాను. నా జబ్బు తగ్గేది కాదట. ఎక్కడ, ఏమిటి అని నువ్వు అడగవు, నేనూ చెప్పను. తమ్ముడికి చెప్పే చోటు కాదది. ఇంక మందులతో బాధపెట్టడం దేనికని డాక్టరు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. గడ్డం కూడా సరిగ్గా రాని పిల్లాడు. వాడే కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేనే ఊరుకోబెట్టాను.

అందుకని కొలోవై వచ్చేస్తున్నాను. అమ్మ ఇంట్లో, ఆ గబ్బిలాలు చెట్ల మీద కొట్లాడుకుంటుంటే వింటూ పోతాను. పక్కింటి టీవీ వింటూ పోవడం నావల్ల కాదు. ఆస్పత్రివాళ్ళు రాసివ్వాల్సినవి రాసిచ్చి, టిక్కెట్లు కుదిరేసరికి అక్టోబరు అవుతుందట. నా కూతురు ఫూసి వెంట వస్తుంది.

ఇక వ్యాను సంగతి. విమానం దిగేది దీవికి ఆ కొసన, మన ఊరు ఈ కొసన. నీ పొడుగు బండి నేను ఎక్కలేను. మా చర్చిలో ఒకళ్ళు కొత్త మోడలు ఫ్యామిలీ వ్యాను కొన్నారు. చూసి వచ్చాను. మెట్టు లేదు. చాప మీద కూర్చున్నట్టు కూర్చోవడమే. మీట నొక్కితే తలుపు తనే జరుగుతుంది. సీటు చాచితే మంచం. నీదెలాగూ ముసలిదైపోయింది, అదే మోడలు చూడు. నా వంతు నేను పంపుతాను. "కొనమనమ్మా, మామయ్య కొంటే నాదేగా" అంటోంది ఫూసి. ఆక్లాండ్‌లో పుట్టినా మేనమామ సొత్తు ఏదడిగినా తనదేనన్న మేనకోడలి హక్కు మాత్రం మర్చిపోలేదు, దొంగపిల్ల.

నీ అక్క
కలోలైనె


కొలోవై
మే

అక్కయ్యగారికి తల వంచి రాస్తున్నది,

మీ ఉత్తరం మొదటి సగం చదివి మడిచేశాను. రెండో సగం మర్నాడు చదివాను. తెలేసియా ఏడుస్తోంది. నేను వెళ్ళి పెండలం పాదులు తవ్వాను. తవ్వక్కర్లేనివి కూడా తవ్వాను.

రెండో సగానికి మాత్రం బోలెడంత జవాబుంది. ఆ కొత్త మోడలు వద్దు.

నాన్న పోయాక కొన్న పెట్టె బండి మీకు గుర్తుందా? దాని ఇంజను ఎక్కడుండేదో మీ ముందు రాయకూడదు. డ్రైవరు కూర్చునే చోటికి సరిగ్గా కింద అనుకోండి. గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి మట్టిపొయ్యి పెట్టడం దేనికి, వీడి సీటు కింద దుంపలు పెడితే చాలు, రాజధానికి చేరేలోపు ఉడుకుతాయి అనేది అమ్మ. నిజమే. అయినా అది నిజాయితీ గల బండి. వేడెక్కితే వేడెక్కానని చెప్పేది. ఆ తరవాతది ఈ పొడుగు బండి. డీజిలు. ఎంతమంది ఎక్కితే అంతమందికీ చోటు. పెళ్ళికి పందుల్ని మోసింది, చర్చి బాజావాళ్ళని మోసింది, అమ్మని శ్మశానానికి మోసింది. తుపానుకి సముద్రం రోడ్డెక్కిన రోజున చక్రాలు మునిగేంత నీళ్ళలో నడిపాను. మర్నాడు రెండు దగ్గులు దగ్గి లేచింది.

మీరు చెప్పిన మోడలు రేవు దగ్గర ఒకటి ఉంటే చూశాను. ముక్కు చూస్తే ఎండు చేప. పొట్ట నేలకి ఆనుతోంది, మన ఊరి గోతుల్లో పడితే పేగులు బయటికొస్తాయి. తలుపు మనిషి మాట వినాలి గాని, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని మనిషి నిలబడటం ఏమిటి? ఏడుగురికి సీట్లట! మా ఇంట్లో పొద్దున్న టీ తాగేవాళ్ళే అంతకన్నా ఎక్కువ.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? పొడుగు బండిలో చివరి బెంచీ మీది. మీకూ నాకూ మధ్య పిల్లలు, చాపలు, దుంపల బస్తాలు. ఇందులో నా వీపు వెనకే మీరు. ఇప్పటి పిల్లలు అన్నాచెల్లెళ్ళు ఒకే సోఫాలో పడి సినిమాలు చూస్తున్నారు, నేను కాదనడం లేదు. నన్ను అలా పెంచలేదు.

పొడుగు బండికి కొత్త స్ప్రింగులు వేయిస్తాను. మీరు ఎక్కడానికి ఒక పీట చేయిస్తాను.

మీ తమ్ముడు
లిసియాటే


మాంగెరె, ఆక్లాండ్
జూన్

తమ్ముడికి,

నీ ఉత్తరం ఫూసికి చదివి వినిపించాను. ఇంజను ఎక్కడుండేదో రాయకూడదన్న చోట అది పడి పడి నవ్వింది. "మామయ్య వ్యాను గురించి రాశాడా, పోయిన బంధువుల గురించి రాశాడా?" అంది. నేనూ నవ్వాను. నవ్వితే నొప్పి. అయినా నవ్వాను.

పీట వద్దురా. పీట మీదికి కూడా కాలు లేవదు. ఇంతకంటే వివరంగా రాయలేను, రాయించకు. ఆ తారో దుంపల తోటల మలుపు దగ్గర పొడుగు బండి ఎలా ఎగురుతుందో నాకు తెలుసు. ఆ ఎగురుడికి నేను ఊరు చేరను. నాకు ఊరు చేరాలని ఉంది. ప్రాణంతో చేరాలని ఉంది. అంతకు మించి నాకే కోరికా లేదని ఇక్కడ అందరికీ చెబుతున్నాను.

సీటు సంగతంటావా, నీ పొడుగు బండి చివరి బెంచీ ఎంత దూరంలో ఉన్నా ఒరిగిందేమిటి? అమ్మ పోయినప్పుడు వచ్చాను చూడు, నేను ఎక్కి కూర్చోగానే ముందు నుంచి "టక్" మని చప్పుడు. నేను కనబడకూడదని నువ్వు వెనక చూసే అద్దాన్ని పైకి, కప్పు వైపు తిప్పేశావు. వెనక ఏ బండి వస్తోందో తెలియక, చర్చి గేటుకి రాసుకుంటూ పోయావు. పాస్టరు ముఖం చూడాలి ఆ రోజు! నీ పెట్టె బండిలోనూ అదే టక్, నా పెళ్ళికి ముందు నాన్న బండి నువ్వు తోలినప్పుడూ అదే టక్. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడే వింటున్నాను నేను.

కొత్తది తీసుకో, నా తండ్రీ. ఒక్కసారికి నా మాట విను.

అక్క


కొలోవై
ఆగస్టు

అక్కయ్యగారికి,

మీ మాట విన్నాను. బండి జపాను నుంచి వచ్చింది. కొత్త మోడలే గాని అక్కడ ఎవరో కొంచెం వాడి వదిలేసినది. తెల్లగా, ఒలిచిన గుడ్డులా ఉంది. ఊరంతా వచ్చి చూసింది. తలుపు దానంతటది మూసుకుంటుంటే పిల్లలు నాలుగైదు రోజులు దాని ముందే కాపురం పెట్టారు.

తాళం తిప్పగానే లోపలి నుంచి ఎవరో జపాను పిల్ల తియ్యగా పలకరించింది. "ఎవర్తి ఇది?" అని తెలేసియా నా వంక చూసింది. నాకేం తెలుసే తల్లీ అన్నాను. బండి ఆపినప్పుడల్లా కూడా ఆ పిల్ల ఏదో చెబుతుంది. "సరే సరే, పోవే" అంటుంది తెలేసియా.

మీ దగ్గర దాపరికం దేనికి, బండి మెత్తగా పోతుంది. సీటు చాచి తెలేసియాను పడుకోబెట్టి విమానాశ్రయం దాకా వెళ్ళొచ్చాను. గురక పెట్టి పడుకుంది. దారిలో గోతులు ఎక్కడెక్కడున్నాయో చూసుకున్నాను. తారో తోటల మలుపులో ఉన్నదాన్ని నేనే రాళ్ళేసి పూడ్చాను. ప్రభుత్వం వాళ్ళు వచ్చి పూడ్చేలోపు మనం అందరం పోతాం. క్షమించండి అక్కయ్యా, చెయ్యి అలవాటుగా రాసేసింది. కొట్టేస్తే కాగితం చిరిగేట్టుంది, ఉండనివ్వండి.

పాత బండ్లతో పోలిస్తే లోటేమిటంటారా, ఉంది. కప్పు మీద ఒక కన్ను పెట్టారు. నల్లటి చిన్న గాజు కన్ను. అది వెనక సీట్లను చూస్తుంటుంది. చూసినదంతా డ్రైవరు ముందున్న తెర మీద బొమ్మగా పడుతుంది. వెనక పిల్లలు కొట్టుకుంటున్నారేమో తండ్రి చూసుకోడానికట. ముక్కులో వేలు పెట్టుకున్నా కనబడుతుంది. దాన్ని ఎలా ఆర్పాలో ఎవడికీ తెలియదు. అన్నీ జపాను అక్షరాలే. ఒక మీట నొక్కితే పాట వస్తుంది, ఇంకోటి నొక్కితే ఎండలో వైపర్లు తిరుగుతాయి. అద్దంలా పక్కకు తిప్పుదామంటే ఆ తెర తిరిగేది కాదు, బండికే అతికించి ఉంది. గుడ్డ కప్పితే వేడెక్కి ఆ పిల్ల అరుస్తోంది.

ఏం మనుషులక్కయ్యా వీళ్ళు? ఈ బండి చేసినవాళ్ళకు అక్కచెల్లెళ్ళు లేరా?

మీరు దిగులు పెట్టుకోకండి. మీరు వచ్చేలోపు దాని సంగతి చూస్తాను.

మీ తమ్ముడు
లిసియాటే


మాంగెరె, ఆక్లాండ్
అక్టోబరు

లిసియాటే,

ఆ తెర ఆర్పకు.

ఫూసి నిద్రపోయింది. దాని చేత రాయించకుండా నా చేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నీ పోయిన ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఈ జవాబు మనసులోనే రాసుకుంటున్నాను. ఇన్నాళ్ళూ కాగితం మీద పెట్టడానికి సిగ్గు. ఇప్పుడు సిగ్గుకి ఓపిక చాలడం లేదు.

నా ముఖం నువ్వు కడసారి సూటిగా చూసింది ఎప్పుడో చెప్పనా? పచ్చి కొబ్బరికాయ పీచు పళ్ళతో వలవలేవని నువ్వు పందెం వేశావు. నేను వలిచాను, ముందు పన్ను సగానికి విరిగింది. నోటి నిండా రక్తంతో నవ్వితే, నువ్వు నా గడ్డం పట్టుకుని పన్ను చూస్తూ ఏడ్చావు. ఆ వారమే నేను పెద్దదాన్నయ్యాను. నాన్న నీ చాప చుట్టి నిన్ను మగపిల్లల పాకలో పడుకోమన్నాడు. అంతే. ఆ తరవాత నా ఎదట నీ కళ్ళు ఎప్పుడూ నేల మీదే. నా పెళ్ళిలో నేల మీద, నా మొగుడు పోయినప్పుడు నేల మీద, అమ్మ సమాధి దగ్గర నేల మీద. గోడకున్న ఫోటో చూశావేమో గాని, అందులో నేను నోరు బిగించుకుని కూర్చున్నాను.

తప్పని అనను. నువ్వు నన్ను గౌరవించినంతగా ఏ తమ్ముడూ ఏ అక్కనూ గౌరవించలేదు. నీ పిల్లలకు నా చేతే పేర్లు పెట్టించావు. మొదటి పెండలం నాకే పంపేవాడివి, సముద్రం దాటించి. కానీ లిసియాటే, గౌరవం తిని తిని కడుపు నిండిపోయింది. చచ్చిపోయేలోపు నా తమ్ముడు నన్ను ఒక్కసారి చూడాలి.

ఎదురుగా నిలబడి చూడమంటే నువ్వు చూడలేవు, నేనూ నిలబడలేను. ఈ తెరను దేవుడే పంపించాడని నాకనిపిస్తోంది. నువ్వు ముందుకే తిరిగి ఉంటావు. నేను వెనక కూర్చుంటాను. నువ్వు రోడ్డు చూస్తున్నావని లోకం అనుకుంటుంది. ఎవరి మర్యాదా పోదు. ఆ కన్ను వైపే చూస్తూ కూర్చుంటాను. నువ్వు చూడు. ఇప్పుడు ఎలా ఉన్నానో రాయను, చూసుకో.

ఆ టక్ చప్పుడు ఒక్కటి ఈసారి వినిపించకు.

దీనికి జవాబు రాయకు. ఫోన్ అసలే చెయ్యకు, ఫోన్లో ఈ మాటకి నా నోరు పెగలదు. ఇది ఇక్కడి పాస్టరమ్మ లోసాలినె చేతికిస్తున్నాను. ఆవిడ ముందు హాపై దీవుల్లో ఆడవాళ్ళ సభ చూసుకుని, పడవలో మన దీవికి వస్తుంది. మాకన్నా ముందే నీ చేతిలో పెడతానంది.

కలో


కొలోవై
అక్టోబరు

అక్కయ్యగారికి,

ఈ ఉత్తరం చేరేలోపు మీరే బయలుదేరతారేమో. అయినా పోస్టులో వేస్తున్నాను, అందితే దారిలో నిశ్చింతగా ఉంటారని.

తెర చచ్చింది. దాన్ని ఆర్పడం కోసం పడని పాట్లు లేవు. మెకానిక్కు నాకు తెలియదన్నాడు. రేవులో పనిచేసేవాడొకడు నాకు తెలుసునని వచ్చి, ఒళ్ళు తిమ్మిరెక్కేదాకా కవా తాగి, వైపర్లు తిప్పి పోయాడు. చివరికి నిన్న నేనే ముందు పలక ఊడదీసి, కొబ్బరి కొట్టే కత్తితో తీగ కోసేశాను. తీగంటే ఒకటి కాదు, జడలా అల్లిన కట్ట. "ఏం పని చేశావయ్యా, ఇంక దేవుడు దిగొచ్చినా అతకడు" అన్నాడు మెకానిక్కు. అతకనక్కర్లేదన్నాను. ఆ జపాను పిల్ల గొంతు కూడా దాంతోపాటే పోయింది. తెలేసియాకు కొంచెం బెంగగా ఉన్నట్టుంది.

ఇంకొక మాట. అద్దం చప్పుడు ఇన్నేళ్ళూ వింటున్నానని మీరు రాశారు. చదివి నాకు ఎంత సిగ్గేసిందో. అది మీకు వినబడుతుందని నాకు తట్టనే లేదు. ఈసారి మీరు ఎక్కకముందే తిప్పి పెడతాను. ఏ చప్పుడూ ఉండదు.

మీరు ఎవరి కంటా పడకుండా, పడుకునో కూర్చునో మీ ఇష్టం వచ్చినట్టు రండి. నేను రోడ్డు తప్ప ఇంకేమీ చూడను.

మీ తమ్ముడు
లిసియాటే


కొలోవై
నవంబరు

పాస్టరమ్మ లోసాలినె గారికి,

ఆ రోజు వంటపాక దగ్గర మీతో సరిగా మాట్లాడలేకపోయాను. మట్టిపొయ్యి రాళ్ళు తీస్తున్నాను, చేతుల నిండా మసి. అక్క చావుకి తమ్ముడి చోటు అదే కదా. సంతాపానికి చిరిగిన పెద్ద చాప నడుముకి చుట్టుకుని పొయ్యి దగ్గర ఉండాలి, ఆవిడ ఉన్న ఇంట్లోకి పోకూడదు. మీరు ఆ ఉత్తరం నా చేతిలో పెట్టేసరికి మావాళ్ళు అక్కయ్యను పూడ్చేసి వచ్చారు.

మీ తప్పు ఏమీ లేదు. గాలివాన పట్టుకుంటే పడవ ఎలా కదులుతుంది? మీరు ఏడవకండి. హాపైలో అందరూ చిక్కుకుపోయారని రేడియోలో నేనూ విన్నాను. ఆ పడవలో నాకొక ఉత్తరం ఉందని మాత్రం నాకు తెలియదు.

ఒక్క సాయం చెయ్యండి. నా మేనకోడలు ఫూసి ఎప్పుడైనా అడిగితే, విమానం రావడానికి ముందే ఆ ఉత్తరం నాకిచ్చానని చెప్పండి. పాస్టరుగారి భార్యను అబద్ధం చెప్పమంటున్నందుకు క్షమించండి. అబద్ధం పాపం నాది.

లిసియాటే


మాంగెరె, ఆక్లాండ్
నవంబరు

మామయ్యా,

ఇల్లు చేరాను. అమ్మ లేని ఇల్లు ఎలా ఉందో నన్ను అడగకు. నీకూ తెలుసు కదా.

ఒకటి చెప్పాలని అక్కడున్నన్ని రోజులూ అనుకున్నాను. నువ్వేమో వంటపాక వదిలి రాలేదు. నేనేమో చాపల మీద పెద్దవాళ్ళ మధ్య కూర్చున్నాను. నీకు ఒక పళ్ళెం అన్నం పెట్టే వీలు కూడా లేకపోయింది. మనవాళ్ళ పద్ధతులు నాకు అర్థం కావు మామయ్యా. కోపమొస్తుంది.

చెప్పాలనుకున్నది ఇది. విమానంలో అమ్మ తల దువ్వించుకుంది. అమ్మమ్మ దువ్వెన కొప్పులో పెట్టమంది, కొబ్బరినూనె రాయమంది. "ఎవరు చూస్తారే నిన్ను, వీల్‌చెయిర్ తోసేవాడా?" అన్నాను. "చూసేవాళ్ళున్నారు లేవే" అంది. నీ బండిలో సీటు చాచి పడుకోబెడతానంటే ఒప్పుకోలేదు. ఆ నొప్పితో, నా భుజం మీద గోళ్ళు దిగేలా పట్టుకుని, దారి పొడుగునా నిటారుగా కూర్చుంది. కప్పు మీదున్న ఆ నల్ల గాజు బిళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. మధ్యమధ్య నవ్వింది. మందుల మత్తేమో అనుకున్నాను.

ఎక్కగానే నా చెవిలో ఏమందో తెలుసా? "టక్ మనలేదు. విన్నావా? టక్ మనలేదు." నాకేమీ అర్థం కాలేదు.

ఆ రాత్రి చెప్పింది. నీకు ఉత్తరం రాశానని, తెర ఆర్పవద్దని అడిగానని. "నా తమ్ముడు దారి పొడుగునా నన్ను చూశాడే ఫూసీ. మెల్లిగా తోలింది అందుకే" అంది. పోయేవరకు అదే మాట. ఎంతమంది వచ్చి ప్రార్థన చేసినా, మధ్యలో నా వైపు తిరిగి "చూశాడు" అనేది. ఇంత సంతోషంగా ఎవరైనా పోతారా అనిపించింది నాకు.

తెలేసియా అత్తయ్య ముందు సీట్లో కూర్చుంది కదా, ఆవిడ వెనక నుంచి నాకు రోడ్డే కనబడలేదు, ఇంక నీ తెర ఏం కనబడుతుంది? అందుకే నిన్నే అడుగుతున్నాను. ఆ తెర మీద అమ్మ ఎలా ఉంది? నాకు ఆస్పత్రి ముఖమే కళ్ళలో మిగిలిపోయింది. నీ బండి వద్దు, పందులు వద్దు, చాపలు వద్దు. మేనకోడలిగా నేను అడిగేది ఇది ఒక్కటే. నేనడిగితే నువ్వు కాదనకూడదు.

ఇంకో సంగతి. మేం బయలుదేరాక నీ ఉత్తరం ఒకటి ఇక్కడికి వచ్చి పడి ఉంది. అమ్మ పేరు మీద. తెరవబుద్ధి కాలేదు. ఏం చెయ్యమంటావు?

నీ
ఫూసి


కొలోవై
డిసెంబరు

తల్లీ ఫూసీ,

ఆ కవరు తెరవకు. బండి గురించి ఏవో పిచ్చిరాతలు. నాకే తిప్పి పంపెయ్యి.

నువ్వడిగితే నేను కాదనకూడదు. అందుకని రాస్తున్నాను.

మీ అమ్మ ఉత్తరం నాకు అందింది. చూశాను. విమానాశ్రయం గేటు దగ్గర నుంచి చూశాను. మొదట చెయ్యి అద్దం వైపు పోయింది, ఇన్నేళ్ళ అలవాటు కదా. తల నున్నగా దువ్వి ఉంది, నూనె మెరుస్తోంది. మా అమ్మ దువ్వెనని గుర్తుపట్టాను. జబ్బు మనిషిలా లేదు తల్లీ. తారో తోటల మలుపు దగ్గర ముఖం మీద ఎండ పడితే, చిన్నప్పుడు పగడపు దిబ్బ మీద చికిలించినట్టు కళ్ళు చికిలించింది. నవ్వింది. ముందు పన్ను విరిగింది కదా, ఆ సందులోంచి నాలుక కొస కనబడేట్టు నవ్వింది. పందెం గెలిచిన రోజు కూడా అచ్చం అలాగే నవ్వింది. నేనూ నవ్వాను. వెనక నుంచి మీకు కనబడలేదు.

ఇక్కడ అంతా మామూలే. పొడుగు బండి అమ్మెయ్యమని అందరూ అంటున్నారు, అమ్మలేదు. జనాన్ని దాంట్లోనే ఎక్కిస్తున్నాను. కొత్తది పాకలో ఉంది, కోళ్ళు దూరకుండా తెలేసియా తలుపేసి ఉంచుతోంది. కవా దగ్గర కూర్చున్నప్పుడు మగవాళ్ళు అడుగుతూనే ఉంటారు, కొత్త మోడలు మంచిదా, పాతది మంచిదా అని. ఇదివరకైతే రాత్రంతా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒక్క మాటే చెబుతున్నాను. పాత బండిలో అద్దాన్ని పైకి తిప్పితే, కావాలంటే మళ్ళీ కిందికి తిప్పుకోవచ్చు.

నీ మామయ్య
లిసియాటే


మాంగెరె, ఆక్లాండ్
జనవరి

మామయ్యా,

నీ ఉత్తరం అందింది. అమ్మ ఎలా ఉందో చెప్పావు, చాలు.

అమ్మ ఆ విరిగిన పన్ను నేను పుట్టకముందే ఇక్కడ కట్టించుకుంది.

నువ్వు చెప్పినట్టే కవరు తెరవలేదు. దీంతోపాటు పంపుతున్నాను.

ఫూసి